‘ఏమీ లేద’నే అధికారం ఎవరిది?

నేను ఉండేది గుడిమల్కాపూర్ పూల మార్కెట్ దగ్గర. కొన్ని రోజులు మూర మల్లెపూల ధర అడగబోయినా నాకు గొంతు పెగలదు. నిమ్మకాయంత ఉండ అడ్డం పడినట్లుంటుంది. మింగితే దిగదు, కక్కితే రాదు. విచిత్రమేమిటంటే అన్నం మాత్రం మామూలుగానే దిగుతుంది. ఒకప్పుడు నేను కాపురం చేసిన ఇంట్లో, ఎదురు మాట్లాడినప్పుడల్లా ఒక చెయ్యి నా గొంతు మీదికి వచ్చేది. ఆ ఇల్లు వదిలి ఏళ్లు గడిచాయి. నా గొంతు మాత్రం ఇంకా ఆ ఇంట్లోనే ఉంది.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు చెప్పిన తీర్పు: ‘ఏమీ లేదమ్మా, ఊరికే టెన్షన్ పడకండి.’ ఏమీ లేకపోతే నన్ను ఇంతగా బాధిస్తున్నదేమిటి?

వైద్యశాస్త్రం దీన్ని చాలాకాలం ‘గ్లోబస్ హిస్టీరికస్’ అంది. హిస్టీరియా అన్న మాట గర్భసంచికి గ్రీకులు వాడిన పదం నుంచి పుట్టింది. ఈ బాధ మగవాళ్లకూ వస్తుంది. అయినా నేరం గర్భసంచి మీద మోపారు! 1968లో మాల్కమ్‌సన్ అనే వైద్యుడు దీన్ని ‘గ్లోబస్ ఫారింజిస్’ అని పిలవాలన్నాడు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వర్గీకరణలోంచి హిస్టీరియాను తొలగించింది. పేరయితే పోయింది గాని, స్త్రీ బాధను చులకన చేసే ఆ చూపు పోయిందా?

భయం ముంచుకొచ్చినప్పుడు మెడ, గొంతు కండరాలు బిగుసుకుంటాయి. ప్రమాదం దాటిపోయినా కొందరి శరీరం ఆ కాపలా మానదు. కడుపులోని ఆమ్లం పైకి తన్నినా ఇలాగే ఉండవచ్చు కనుక ముందు పరీక్ష తప్పనిసరి. మింగడం కష్టమైనా, బరువు తగ్గుతున్నా, మెడలో గడ్డ తగిలినా, మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోయినా ‘టెన్షన్’ అని సరిపెట్టుకోకూడదు. అయితే రిపోర్టులు బాగున్నంత మాత్రాన ప్రశ్నలు ఆగిపోకూడదు. అసలు ప్రశ్న అక్కడే మొదలు కావాలి.

‘దిగమింగుకో’, ‘నోరు మూసుకో’, ‘కడుపులో పెట్టుకో’ అంటూ ఆడపిల్లను పెంచే సమాజం మనది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 18–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 37 శాతం భర్త హింసకు గురయ్యారు. దేశం మొత్తం మీద హింసకు గురైన స్త్రీలలో 77 శాతం ఎవరి సాయమూ కోరలేదు, ఎవరికీ చెప్పుకోలేదు.

2005 గృహహింస చట్టం మానసిక ఆరోగ్యానికి చేసే హానిని కూడా హింసగానే గుర్తించింది. ప్రభుత్వ సేవల ద్వారా మానసిక వైద్యం పొందడం హక్కు అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. మరి గొంతు డాక్టరు చీటీ రాసి పంపించేసే ముందు, వెంట వచ్చిన భర్తను బయట కూర్చోబెట్టి ‘ఇంట్లో నీకు భయంగా ఉందా?’ అని ఒక్క మాట అడగడానికి ఏమిటి అడ్డు? ఆమెను కౌన్సెలర్ దగ్గరికి, గొంతు వ్యాయామాలు నేర్పే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపే ఏర్పాటు ప్రతి ప్రభుత్వాసుపత్రిలోనూ ఉండాలని మనం ఎందుకు నిలదీయడం లేదు?

మనల్ని మనం కూడా ప్రశ్నించుకోవాలి. మౌనం వీడమని పోస్టర్లు వేశాం. సభల్లో మైకు చేతికిచ్చి ‘చెప్పమ్మా, భయపడకు’ అంటాం. అలాంటి ఒక సభలో నా గొంతు పూడుకుపోయింది. నా ధైర్యమే చాలలేదని అందరూ అనుకున్నారు. సాక్ష్యం చెప్పడం హక్కయినట్లే, ఎప్పుడు, ఎవరికి, ఎంత చెప్పాలో తేల్చుకోవడం కూడా ఆమె హక్కే. రాసి ఇవ్వనిద్దాం. ఆగి ఆగి చెప్పనిద్దాం. అసలు చెప్పకపోయినా ఆమె పక్కనే కూర్చుందాం.

నాకు మాట రాని రోజు వేలు చూపిస్తే చాలు, మార్కెట్లో పూలమ్మే ఆమె మూర కొలిచి ఇస్తుంది. ఎందుకు మాట్లాడవని అడగదు. ఆమెకున్నపాటి ఇంగితం మన ఆసుపత్రులకూ, మన సంఘాలకూ ఎప్పుడొస్తుంది?