కబురు మీ గుమ్మంలోకే!

పొద్దున్నే పేపరు కోసం ఎవరూ ప్రెస్సు దాకా వెళ్లరు. అదే వచ్చి గుమ్మంలో పడుతుంది. ఇంటర్నెట్‌లో మాత్రం కొత్తగా ఏమొచ్చిందో తెలుసుకోవాలంటే రోజూ పది సైట్ల గడప తొక్కాల్సిందే. రెండ్రోజులు కుదరక చూడలేదా... అమ్మాయి ఎదురుచూస్తున్న ఉద్యోగ ప్రకటన సంగతి తెలిసేసరికి దరఖాస్తు గడువు కాస్తా దాటిపోవచ్చు.

ఈ తిప్పలు తప్పించేదే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్. రియల్లీ సింపుల్ సిండికేషన్ అన్నమాట. 1999లో నెట్‌స్కేప్ కంపెనీ దీనికి శ్రీకారం చుట్టింది. 2002లో వచ్చిన 2.0 వెర్షన్ ఇప్పటికీ వాడుకలో ఉంది.

పనిచేసేదిలా...

సైట్‌లో కొత్త సమాచారం చేరగానే దాని శీర్షిక, లింకు, తేదీ, నాలుగు ముక్కల సారాంశం ఓ చిన్న ఫైల్‌లోకి చేరతాయి. అదే ఫీడ్. మీ తరఫున ఆ ఫైల్‌ని అప్పుడప్పుడూ చూసొచ్చి కొత్తవాటిని ఒకేచోట పేర్చిపెట్టేది ఫీడ్ రీడర్.

ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటి సైట్లలో ఖాతా తెరిస్తే చాలు. మెయిల్ చూసుకోవడానికి తండర్‌బర్డ్ వాడేవాళ్లు అందులోనే ఫీడ్లూ చదువుకోవచ్చు. నచ్చిన సైట్ చిరునామాని రీడర్‌లో అతికిస్తే, చాలాసార్లు ఫీడ్‌ని అదే వెతికి పట్టుకుంటుంది. సైట్‌లో నారింజ రంగు చదరంలో చుక్క, దానిమీద రెండు వంపు గీతలు కనిపిస్తే అక్కడ ఫీడ్ ఉన్నట్టే. రిజర్వు బ్యాంకు, పత్రికా సమాచార కార్యాలయం లాంటివీ ఫీడ్లు ఇస్తున్నాయి.

ఇందులో ఇంకో లాభమూ ఉంది. సోషల్ మీడియాలో మీకేం చూపించాలో ఆ కంపెనీ లెక్కలే తేలుస్తాయి. ఇక్కడ ఎంపిక పూర్తిగా మీదే. సైట్ సైట్‌కీ మెయిల్ ఐడీ ఇవ్వక్కర్లేదు.

జాగ్రత్త సుమా!

లక్షలమంది వాడిన గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడింది. 2018 చివర్లో ఫైర్‌ఫాక్స్ కూడా తన బ్రౌజర్‌లోంచి ఫీడ్ల సదుపాయాన్ని తీసేసింది. ఇక ఆర్‌ఎస్‌ఎస్ పనైపోయిందనుకున్నారంతా. కానీ అదేమీ పోలేదు. పాడ్‌కాస్ట్‌లు శ్రోతల ఫోన్లకు చేరేది ఇప్పటికీ ఎక్కువగా ఆర్‌ఎస్‌ఎస్ ద్వారానే. మూతపడింది దుకాణమే, సరుకు కాదు! అందుకే మీ ఫీడ్ల జాబితాని 'ఎక్స్‌పోర్ట్' మీట నొక్కి ఓపీఎంఎల్ ఫైల్‌గా దాచుకోండి. రేపు ఈ రీడర్ మూతపడినా మరోదాంట్లోకి అంతా ఒక్కసారే ఎక్కించుకోవచ్చు.

అన్నట్టు, ఫీడ్ లేని సైట్లూ బోలెడున్నాయి. ఉన్నా కబురు కాస్త ఆలస్యంగా రావొచ్చు. కాబట్టి ఉద్యోగం, పరీక్ష, ఫీజు గడువుల్లాంటివి ఆఖరుగా అసలు సైట్‌లోనే ఓసారి సరిచూసుకోవాలి. కబురు అందించడమే ఫీడ్ పని, దరఖాస్తు పంపాల్సింది మాత్రం మీరే!