మందును పాలలో దాచరాదు

చేదు మందును పాలలోనో పెరుగన్నంలోనో కలిపి పిల్లలచేత తినిపించుట మన ఇండ్లలో పరిపాటి. ఈ అలవాటును మానుకొనవలెనని నా అభిప్రాయం.

చిన్ననాట మా నాయనమ్మ ఆముదమును వేడి కాఫీలో పోసి త్రాగించేది. ఆ కడుపులోని తిప్పుడు ఆనాటితోనే పోయినది గాని, కాఫీ వాసన తగిలినంతనే నాకు నేటికీ వికారం కలుగుతుంది. తప్పు ఆముదానిది, శిక్ష కాఫీకి!

శబ్దం వినిపించి ఆహారం పెట్టగా పెట్టగా, శబ్దమునకే కుక్కకు నోరూరునని పావ్‌లోవ్ చూపిన సంగతి పలువురు ఎరిగినదే. అయితే ఇంద్రియములన్నియు అన్నిటితోను ఒకే తీరున ముడిపడవు. 1966లో అమెరికాలో గార్సియా, కోలింగ్ అను శాస్త్రజ్ఞులు ఎలుకలకు తీపినీరు ఇచ్చి, అవి త్రాగునప్పుడు వెలుగు, శబ్దము కూడ కలుగునట్లు చేసిరి. పిదప వికారమునకు గురిచేసిన ఎలుకలు తీపిని విసర్జించినవి. వెలుగును, శబ్దమును లెక్కచేయలేదు. విద్యుద్ఘాతం తగిలినవి వెలుగు శబ్దములకు బెదరినవి. తీపిని మాత్రం మానలేదు. కడుపులో బాధ కలిగినచో నింద రుచి మీదనే పడుననుటకు ఇది నిదర్శనం.

వాసన సంగతి మరింత విచిత్రం. స్వల్పమైన వాసన ఒక్కటే ఉండి, కొంతసేపటికి వికారం కలిగినచో ఎలుకలు ఆ వాసనను అంతగా ద్వేషించవు. దానికి రుచి తోడైనచో, తర్వాత ఒట్టి వాసనకే ముఖం త్రిప్పుకొనును. గార్సియా బృందం 1979లో ప్రచురించిన విషయమిది. నా కాఫీ కథ నాకు అప్పుడు గాని బోధపడలేదు.

మా ఐదేండ్ల మనుమరాలికి నిరుడు మందును పాలలో కలిపి ఇచ్చిరి. వాంతి అయినది. జ్వరం నాలుగు రోజులలో తగ్గినది గాని, రెండు మాసములు ఆ పిల్ల పాలగ్లాసును దగ్గరకు రానీయలేదు. పెరిగే బిడ్డ పాలు మానినచో కలుగు నష్టం తల్లులకు నేను చెప్పనక్కరలేదు.

వైద్యుడు పాలే అనుపానమని ప్రత్యేకించి చెప్పినచో అది వేరు మాట. చేదును దాచుటకే అయినచో నిత్యాహారమును ముట్టుకొనవద్దు. క్యాన్సర్ చికిత్స పొందు పిల్లలకు భోజనమునకు, మందుకు నడుమ కొత్త రుచిగల మిఠాయి ఇవ్వగా, విముఖత చాలవరకు ఆ మిఠాయి మీదికే మళ్ళి భోజనం దక్కినట్లు 1987లో ఒక పరిశీలన వెలువడినది. మా ఇంట ఇప్పుడు మందును విడిగా, చెంచాతో పట్టి, వెంటనే పటికబెల్లపు పలుకు ఇచ్చుచున్నాము. ఆ పిల్ల రేపు పటికబెల్లమును ద్వేషించినను మాకు చింత లేదు.