వంటింటి వైద్యం: వానాకాలపు జలుబు

కార్తికమాసపు వానలు పట్టాయంటే చెన్నపట్నంలో ఇంటింటా తుమ్ములే. శొంఠి అంటే ఇక్కడి అంగడివానికి తెలియదు, చుక్కు అనాలి. మన వామాకును వీరు కర్పూరవల్లి అంటారు, బెంగుళూరువారు దొడ్డపత్రె అంటారు. పేరేదైనా కుండీలో ఒక కొమ్మ గుచ్చితే చాలు, బతుకుతుంది.

నాలుగు వామాకులు, చిటికెడు శొంఠిపొడి, దంచిన మిరియాలు అయిదారు, రెండు గ్లాసుల నీళ్ళలో వేసి ఒక గ్లాసయ్యేదాకా మరిగించండి. వడగట్టి, బెల్లం కలిపి గోరువెచ్చగా తాగాలి. దీనితో జలుబు కుదురుతుందని చెప్పను. అది తన గడువు తీరాకే పోతుంది. గొంతు గరగర తగ్గి రాత్రి కాస్త కన్నంటుకుంటుంది, అదే పదివేలు.

అమ్మలారా, ఏడాది నిండని బిడ్డకు మాత్రం తేనె నాకించకండి, ఇంట్లో మామ్మగారు కోప్పడినా సరే. తేనెలో ఒక్కొక్కప్పుడు ఉండే సూక్ష్మజీవి బీజాలు ఆ లేత పేగులో మొలచి విషం పుట్టిస్తాయి. బిడ్డ పాలు తాగలేక వాలిపోతుంది. పసివాళ్ళ ముక్కుకు కర్పూరం రాయడమూ వద్దు. అది కడుపులోకి పోతే మూర్ఛలు వస్తాయి. బిడ్డ వేగంగా ఊపిరి తీస్తూ డొక్కలెగరేస్తుంటే కషాయం పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి.