ఇంజెక్షన్ కంటే ముందు షెడ్డు చూడండి



"తమ్ముడూ, ఆడపంది ఎదకు రావట్లేదు, ఏ ఇంజెక్షన్ వేయమంటావ్?" వేసవి దాటాక నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే. నేను తిరిగి అడిగేది ఒకటే: "అన్నా, మీ షెడ్డు పైకప్పు దేనితో వేశారు?"

మొదట్లో నేనూ తప్పు చేశాను. రేకుల షెడ్డు, నడి మే నెల. క్రాసింగ్ అయిన వారానికే, స్థలం చాలట్లేదని వేర్వేరు గదుల్లోని ఆడపందుల్ని ఒకేచోట కలిపేశాను. రెండు రోజులు కొట్టుకున్నాయి. నెల తిరక్కుండా సగానికి పైగా మళ్లీ ఎదకొచ్చాయి. అంటే చూలు నిలవలేదు. ఆ నెల మేత ఖర్చు మొత్తం వృథా.

తర్వాత అర్థమైంది. పిండాలు గర్భసంచికి అంటుకుని స్థిరపడేది దాదాపు మొదటి నెల రోజుల్లోనే. ఆ టైంలో కొట్లాట, ఎండ, ఆకలి ఏదీ మంచిది కాదు. ఒత్తిడి రోజుల తరబడి సాగితే కార్టిసాల్ పెరుగుతుంది, మెదడు నుంచి అండాశయానికి వెళ్లే హార్మోన్ సంకేతాలు తగ్గుతాయి. ఎద ఆలస్యం అవుతుంది, లేదా కనిపించకుండానే పోతుంది.

మగపంది సంగతి చాలామందికి తెలియదు. పందికి మనలా చెమట పట్టదు. బురదలో పొర్లి ఒళ్లు చల్లబరుచుకుంటుంది. రోహిణి కార్తె ఎండ దెబ్బ తగిలితే వీర్యం దెబ్బతింటుంది. కొత్త వీర్యకణాలు తయారై బయటికి రావడానికి ఆరు వారాలకు పైగా పడుతుంది. అందుకే వానలు పడి వాతావరణం చల్లబడ్డాక కూడా చూలు కట్టవు. మనమేమో ఆడపందిని తిడతాం!

భయం కూడా ఒత్తిడే. పందుల్ని కొట్టి, అదిలించి పెంచితే వాటి పునరుత్పత్తి తగ్గుతుందని ఆస్ట్రేలియాలో పాల్ హెమ్స్‌వర్త్ బృందం 1980లలోనే చూపించింది. ఈనేటప్పుడు బెదిరినా కాన్పు ఆలస్యమై కడుపులోనే పిల్లలు చనిపోవచ్చు.

నేనిప్పుడు పాటించేవి ఇవీ:

• రేకుల మీద తాటాకు కప్పాను. చుట్టూ చెట్లు, పొర్లడానికి నీళ్ల గుంట.
• తాగే నీరు నీడలో, రోజంతా.
• మేత, క్రాసింగ్ తెల్లవారుజామున లేదా పొద్దుగూకాక.
• గుంపులు కలపాలంటే పిల్లల్ని పాలు మాన్పించిన రోజునే, లేదా క్రాసింగ్ అయిన నెల దాటాక.
• చూడి 114 రోజులు. ఈనే ముందు గూడు కట్టుకోవడానికి వరిగడ్డి వేస్తాను.
• కర్ర షెడ్డులోకి తీసుకెళ్లను.

ప్రతిదీ ఒత్తిడి వల్లే అని నేను అనను. రోగాలుంటాయి, మేతలో లోపాలుంటాయి, బూజు పట్టిన దాణా ఉంటుంది. పశువుల డాక్టర్‌కు తప్పకుండా చూపించండి. కానీ ఉడికిపోయే షెడ్డులో హార్మోన్ ఇంజెక్షన్ వేయడం, చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

నేలకు జీవామృతం పోసి, ఆచ్ఛాదన కప్పి, వానపాము కోసం కూడా ఆలోచించే మనం, పందిని మాత్రం కాలే రేకుల కింద పెడితే అది ప్రకృతి వ్యవసాయం ఎలా అవుతుంది? నేలకు ఇచ్చిన నీడ దానికీ ఇద్దాం.

మా షెడ్డు మార్పులన్నీ పై వీడియోలో చూపించాను. మీ అనుభవం కామెంట్‌లో రాయండి.