ప్రింట్ రాలేదు... లెక్క మాత్రం వచ్చింది!

"అన్నా, ఒట్టు... అన్ని పేజీలు నేను తీయలేదన్నా."

పోయిన నెల ఒకటో తారీఖున, అకౌంట్స్‌లో కొత్తగా చేరిన అమ్మాయి నా టేబుల్ దగ్గరికొచ్చి అన్న మాట ఇది. చేతిలో మేనేజర్ గారిచ్చిన కాగితం. అందులో ఆమె పేరు పక్కన ఒకే రోజు, గంటంబావులో 528 పేజీలు ప్రింట్ తీసినట్టు ఉంది. మా ఆఫీసులో మనిషికి నెలకి 200 పేజీలు. దాటితే పేజీకి రెండు రూపాయలు జీతంలో కోత.

డబ్బుదేముంది, పోతే పోయింది. అసలు బాధ వేరే. ఆ అమ్మాయి గ్రూప్ టూకి చదువుతోందని అందరికీ తెలుసు. "ఆఫీసు పేపర్ మీద మెటీరియల్ ప్రింట్ చేసుకుంటోంది" అని అప్పటికే క్యాంటీన్‌లో మాట నడిచిపోయింది. చేరి మూడు నెలలు. ఇంకా ప్రొబేషన్ కూడా అవలేదు.

"సాఫ్ట్‌వేర్ అబద్ధం చెప్పదు కదా" అన్నారు మేనేజర్ గారు. నేను గుటకలు మింగాను. ఎందుకంటే ఎవరెవరు ఎన్ని పేజీలు తీశారో లెక్కేసే ఆ సాఫ్ట్‌వేర్‌ని సర్వర్‌లో పెట్టింది నేనే.

కాగితం మీద తేదీ చూడగానే గుర్తొచ్చింది. పన్నెండో తారీఖు. పొద్దున్నే కరెంటు పోయి వచ్చిన రోజు. ఆ తర్వాత పెద్ద ప్రింటర్ నుంచి ఒక్క కాగితం బయటికి రాలేదు. ఫోన్ మీద ఫోన్. నేను ప్రింటర్‌కి పింగ్ కొట్టి చూశాను. జవాబొచ్చింది. అంటే నెట్‌వర్క్ బాగానే ఉంది, తేడా సర్వర్‌లోనే అనుకున్నా. ఇక మనకి తెలిసిన వైద్యం ఒకటే కదా! ప్రింట్ స్పూలర్ సర్వీసు ఆపేశా. సిస్టమ్32లో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్ తెరిచి, ఉన్నవన్నీ డిలీట్ కొట్టా. సర్వీసు మళ్లీ స్టార్ట్ చేశా. క్యూ ఖాళీ, మనసుకి హాయి. ప్రింట్ మాత్రం రాలేదు.

ఈలోగా మార్కెటింగ్ కుర్రాళ్లు ప్రింటర్‌ని సొంతంగా యాడ్ చేసుకుందామని చూస్తే అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగిందట. "ఇదేంటన్నా, ఇదివరకు అడిగేది కాదుగా" అని నా మీద పడ్డారు. 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అని స్పూలర్‌లో పెద్ద లోపం బయటపడింది. దాంతో ఆ ఆగస్టు అప్‌డేట్ నుంచి ప్రింటర్ డ్రైవర్ ఎక్కించాలంటే అడ్మిన్ హక్కులు ఉండాల్సిందేనని మైక్రోసాఫ్ట్ మార్చేసింది. ఆ కథ చెప్పే ఓపిక నాకప్పుడు లేదు.

చివరికి లేచి ప్రింటర్ దగ్గరికే వెళ్లాను. ఆ పని మొదటే చేయాల్సింది. దాని తెర మీద ఐపీ అడ్రస్ చివర 23 అని ఉంది. సర్వర్‌లో మనం పెట్టుకున్న పోర్ట్‌లో 14. కరెంటు పోయినప్పుడు రౌటర్ కూడా ఆగి, మళ్లీ మొదలై, అడ్రస్‌లన్నీ కొత్తగా పంచింది. పెద్ద ప్రింటర్ నిద్రలేచేసరికి ఆలస్యం. అది లేచేలోపే ఎవరిదో ఫోన్ వైఫైకి కనెక్టయి 14ని పట్టుకెళ్లిపోయింది. నా పింగ్‌కి జవాబిచ్చింది ప్రింటర్ కాదు, ఆ ఫోను! గంట నుంచీ మా సర్వర్ ఇన్వాయిస్‌లన్నీ ఎవరి జేబులోకో పంపాలని చూస్తోందన్నమాట.

సర్వర్‌లో పోర్ట్ 23కి మార్చాను. ఒక్కచోట మారిస్తే అందరికీ మారినట్టే. ప్రింట్లు వచ్చాయి. టీ తెప్పించారు. ఆ రోజుకి హీరో మనమే.

ఇప్పుడీ 528 సంగతి. రిపోర్ట్ తెరిచి చూస్తే ఆ అమ్మాయి పేరు మీద పదకొండు ఎంట్రీలు, ఒక్కోటి 48 పేజీలు. అన్నిటి పేరూ 'బుక్1'. పేరు పెట్టి సేవ్ చేయని ఎక్సెల్ ఫైల్‌కి వచ్చే పేరు అది. లెడ్జరో, గ్రూప్ టూ నోట్సో దాన్ని బట్టి చెప్పలేం. "ఏం చేశావమ్మా ఆ రోజు?" అనడిగాను. "లెడ్జర్ ప్రింట్ ఇచ్చానన్నా. రాలేదు. మళ్లీ ఇచ్చా. రాలేదు. ఆడిటర్ గారు అడుగుతున్నారని భయమేసి నొక్కుతూనే ఉన్నా."

మనం ప్రింట్ నొక్కగానే ఫైల్ నేరుగా ప్రింటర్‌కి వెళ్లదు. ముందు సర్వర్‌లో క్యూలో నిలబడుతుంది. అక్కడ ఒక్కో పనికి రెండు ఫైళ్లు. ఒకదాంట్లో అసలు పేజీలు, రెండోదాంట్లో అది ఎవరిదన్న వివరాలు. మా సాఫ్ట్‌వేర్ క్యూ గుమ్మంలో కూర్చుని, లోపలికి వచ్చినదాన్ని వచ్చినట్టు లెక్కేస్తుంది. అది బయటికి కాగితంగా వచ్చిందా లేదా అన్నది దానికి పట్టదు. ప్రింటర్‌ని అడిగి సరిచూసుకునే ఆప్షన్ ఉంది. పెట్టిన రోజు తొందరలో దానికి టిక్ కొట్టనిది నేనే. పదకొండు పనులూ క్యూలో ఇరుక్కున్నప్పుడు వాటిని డిలీట్ చేసిందీ నేనే. ఆ అమ్మాయి దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని చేజేతులా చెరిపేశానన్నమాట.

విండోస్‌లో ప్రింట్ సర్వీస్ లాగ్ ఒకటుంటుంది. ప్రింటరుకి వెళ్లిన ప్రతి డాక్యుమెంటూ అందులో 307 నంబరు ఈవెంట్‌గా ఎక్కుతుంది. ఆశగా తెరిచాను. ఖాళీ. ఆ లాగ్ మనం ఆన్ చేస్తేనే పనిచేస్తుంది. నేను చేయలేదు.

దారి చూపించింది మా అటెండర్ బాబాయ్. "ఐదొందల ఇరవై ఎనిమిదంటే ఒక కట్ట దాటి కదా బాబూ. ఆ పొద్దున నేను ట్రేలో పేపరే పెట్టలేదు. మరి ఎక్కడినుంచి వచ్చింది?" అన్నాడు.

అంతే, బుర్ర వెలిగింది. కాగితం లెక్క కాగితాన్నే అడగాలి! మాది అద్దె ప్రింటర్. దానివాళ్లు ప్రతి ఒకటో తారీఖునా వచ్చి మీటర్ రీడింగ్ రాసుకెళ్తారు. కాపీలు వేరు, ప్రింట్లు వేరు. ఆ నెలకి సాఫ్ట్‌వేర్ చెప్పిన ప్రింట్లు 7,412. మీటర్ తిరిగింది 6,816. తేడా 596. ప్రింటర్ ఆగిన ఆ గంటంబావులో అందరివీ కలిపి క్యూలోకి వచ్చినవి 609. మిగిలిన పదమూడంటారా, పెన్‌డ్రైవ్‌తో నేరుగా తీసినవీ, ప్రింటర్ తన రిపోర్టులు తాను తీసుకున్నవీ సర్వర్ కంట పడవు, మీటర్‌లో పడతాయి.

రెండు కాగితాలూ పట్టుకుని మేనేజర్ గారి దగ్గరికెళ్లాను. నా తప్పులు కూడా దాచకుండా చెప్పాను. కాసేపు చూశారు. పెన్ను తీసి ఆ లైను కొట్టేశారు. ఆ అమ్మాయిని పిలిచి, సెక్షన్ అందరి ముందే, "తప్పు మాదేనమ్మా" అన్నారు.

ఆ తర్వాత నేను చేసినవి మూడే. రౌటర్‌లో ప్రింటర్‌కి ఒక అడ్రస్ రిజర్వ్ చేశా. ఇక ఏ ఫోనూ దాన్ని కాజేయలేదు. ప్రింట్ లాగ్ ఆన్ చేశా. సాఫ్ట్‌వేర్‌లో ఆ టిక్ కొట్టా. పది నిమిషాల పని.

మీరు ఆఫీసులో కొత్తవాళ్లయితే ఒక్క మాట. ప్రింట్ రాకపోతే మళ్లీ నొక్కకండి. ముందు క్యూ తెరవండి. మీ పని అక్కడే ఉంటే తేడా అవతల ఉన్నట్టు. స్క్రీన్‌షాట్ తీసి ఐటీ వాళ్లకి పంపండి. మీరే ఐటీ అయితే, క్యూ ఊడ్చే ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. రీస్టార్ట్ కొట్టే ముందు ప్రింటర్ తెర మీద అడ్రస్ చూడండి. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఒక అంకె చూపిస్తే, అది ఏ గుమ్మం దగ్గర లెక్కేసిందో తెలుసుకోండి. ఆ తర్వాతే దాన్ని ఒక మనిషి మీద పెట్టండి.

సాయంత్రం ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. థ్యాంక్స్ చెప్తుందనుకున్నా.

"అన్నా, కాగితం మీద కొట్టేశారు సరే. మరి సాఫ్ట్‌వేర్‌లో?"

కరెక్టే. అందులో నా పేరు పక్కన ఉన్నట్టయితే నేనూ అదే అడిగేవాణ్ని. ఆమె చూస్తుండగానే పదకొండు ఎంట్రీలూ ఒక్కొక్కటిగా రద్దు చేశాను.