వ్యాయామానికీ పరీక్ష కావాలి

పక్షవాతం వచ్చిన మనిషిని ఎంత త్వరగా లేపి నడిపిస్తే అంత మంచిదన్నది చాలామంది నమ్మకం. ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టిన ‘అవర్ట్’ అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. ఐదు దేశాల్లోని 56 ఆసుపత్రుల్లో 2,104 మంది రోగులు ఇందులో పాల్గొన్నారు. 24 గంటల్లోపే మంచం దింపి, ఎక్కువసార్లు, ఎక్కువసేపు నిలబెట్టి నడిపించినవారిలో మూడు నెలలకు బాగా కోలుకున్నవారు 46 శాతం. మామూలు సంరక్షణ అందినవారిలో 50 శాతం. అంటే రోగిని పడుకోబెట్టే ఉంచాలని కాదు. మామూలు సంరక్షణలోనూ చాలామందిని తొలి రోజుల్లోనే లేపారు. తేడా మోతాదులో ఉంది. వ్యాయామం కూడా చికిత్సే. ఏది, ఎప్పుడు, ఎంత, ఎవరికి అన్న ప్రశ్నలకు మందుల విషయంలో ఎలాంటి రుజువు అడుగుతామో ఇక్కడా అలాంటిదే అడగాలి.

రుజువు లేనిచోట ఖరీదే నాణ్యతగా చలామణి అవుతుంది. శరీర బరువును పట్టీలతో మోస్తూ ట్రెడ్‌మిల్‌పై నడిపించే శిక్షణను, ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చి చేయించే కండర బలం, నిలకడ వ్యాయామాలతో అమెరికాలో 408 మంది పక్షవాత రోగులపై పోల్చి చూశారు. 2011లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం ఏడాది తర్వాత మొత్తం 52 శాతం మంది నడక మెరుగుపడింది. రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. పెద్ద యంత్రం ఉన్నచోటే వైద్యం బాగుంటుందని అప్పు చేయబోయే కుటుంబానికి ఈ సమాచారం ఎంతో అవసరం.

చవకైనదీ పరీక్ష తర్వాతే విధానం కావాలి. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో, 1,250 మంది పక్షవాత రోగులతో జరిగిన ‘అటెండ్’ అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. ఇంటివాళ్లకు శిక్షణ ఇచ్చి, వాళ్ల చేతే వ్యాయామాలు చేయిస్తే రోగి మరింత కోలుకుంటాడా అన్నది ప్రశ్న. ఆరు నెలలకు మరణించినవారు, ఇతరులపై ఆధారపడినవారు కలిపి, ఇంటివాళ్లకు శిక్షణ ఇచ్చిన, ఇవ్వని రెండు వర్గాల్లోనూ 47 శాతమే. ఇంటివాళ్ల సేవ వృథా అని దీని అర్థం కాదు. కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, ఫిజియోథెరపిస్టు పనిని వాళ్ల భుజాలపై వేస్తే ప్రభుత్వ బాధ్యత తీరదని మాత్రం తేలింది.

ఒక్కో రోగిది ఒక్కో పరిస్థితి, అందరినీ ఒకే కొలతతో కొలవడం ఎలా అన్న అభ్యంతరం సహజమే. ఆ తేడాలు ఒకవైపే పోగుపడకూడదనే రోగులను యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విడదీస్తారు. చేస్తున్న వ్యాయామం రోగికి తెలిసిపోతుంది కదా అంటారు. నిజమే, కానీ ఫలితాన్ని కొలిచేవారికి రోగి ఏ వర్గమో తెలియకుండా చూడవచ్చు. కొందరికి చికిత్స ఆపేయడం అన్యాయం కాదా అన్నది మరింత బరువైన ప్రశ్న. ‘అటెండ్’లో ఎవరికీ మామూలు చికిత్స ఆపలేదు, కొత్త పద్ధతిని దానికి అదనంగా చేర్చి చూశారు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఫిజియోథెరపీ కళాశాలలు, బోధనాసుపత్రులు ఉన్నాయి. ఎవరికి వారు కొద్దిమందితో చిన్న అధ్యయనాలు ముగించే బదులు, ఒకే ప్రశ్నపై పలు సంస్థలు కలిసి పనిచేయాలి. కీలు ఎన్ని డిగ్రీలు వంగిందన్న లెక్కతో ఆగకుండా, రోగి తానుగా స్నానం చేయగలిగాడా, మళ్లీ పనికి వెళ్లాడా అన్నది ఆరు నెలల తర్వాతా చూడాలి. ఆశించిన ఫలితం రాకపోయినా ప్రచురించాలి. ఇందుకు ప్రభుత్వాలు నిధులివ్వాలి. కోలుకోవడానికి రోగి పడే శ్రమ, కుటుంబం పెట్టే ఖర్చు తిరిగి రానివి. వాటిని ఊహల మీద ఖర్చు చేయించే హక్కు ఎవరికీ లేదు.