ఆటగాళ్ల కాంట్రాక్టుల్లో మన వీసా బతుకుల లెక్క: లెస్టర్ టైగర్స్ కొత్త జట్టు

2025 సెప్టెంబర్ నెలాఖరులో ఇంగ్లండ్ రగ్బీ లీగ్ కొత్త సీజన్ మొదలైంది. మా ఊరి జట్టు లెస్టర్ టైగర్స్ ఆ సీజన్‌లో చాలా మార్పులతో బరిలోకి దిగింది. మన ఇళ్లలో క్రికెట్ తప్ప వేరే ఆట మాట వచ్చేది తక్కువే. అయినా లెస్టర్‌లో ఉంటూ ఈ జట్టు గురించి తెలియకుండా ఉండటం కష్టం. బడిలో పిల్లలు, పక్కింటి పెద్దాయన, డాక్టర్ దగ్గర రిసెప్షనిస్టు అందరూ అదే మాట్లాడతారు. మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. రెండేళ్లుగా స్కూల్ జట్టులో ఆడుతున్నాడు. వాడి పుణ్యమా అని నాకూ ఈ ఆట లెక్కలు వంటబట్టాయి. 2025 వేసవిలో టైగర్స్‌లో ఎవరు వెళ్లారు, ఎవరు వచ్చారు అన్నది చూస్తే, అందులో మనలాంటి కుటుంబాలు గమనించాల్సిన సంగతులు కొన్ని కనిపించాయి.

వెళ్లినవాళ్లు

2025 జూన్ 14న ట్వికెన్‌హామ్‌లో జరిగిన ఫైనల్‌లో టైగర్స్ 21-23తో బాత్ చేతిలో ఓడింది. రెండే పాయింట్ల తేడా. ఆ రోజుతోనే బెన్ యంగ్స్, డాన్ కోల్, మైక్ బ్రౌన్ ఆట నుంచి తప్పుకున్నారు. యంగ్స్ ఇంగ్లండ్ పురుషుల జట్టుకు 127 మ్యాచ్‌లు ఆడాడు. అంతకన్నా ఎక్కువ ఆడినవాడు లేడు. కోల్ 118 ఆడాడు. ఇద్దరూ కెరీర్ దాదాపు మొత్తం లెస్టర్‌కే ఆడి, క్లబ్ తరఫున చెరో 300 మ్యాచ్‌లు దాటారు. ఇప్పటి రోజుల్లో అది అరుదు.

వీళ్లతోపాటు రెండు ప్రపంచ కప్‌లు గెలిచిన దక్షిణాఫ్రికా ఆటగాడు హాండ్రే పొలార్డ్ ప్రిటోరియాలోని బుల్స్ జట్టుకు తిరిగి వెళ్లాడు. కెప్టెన్, అర్జెంటీనా హుకర్ జూలియన్ మొంతోయా ఫ్రాన్స్‌లోని పో క్లబ్‌లో చేరాడు. కోచ్ మైకేల్ చైకా కూడా ఒక్క సీజన్‌తోనే సెలవు తీసుకున్నాడు. ఒకప్పుడు ఇదే క్లబ్‌కు ఆడిన జెఫ్ పార్లింగ్ ఆస్ట్రేలియా జట్టు కోచింగ్ బృందం నుంచి వచ్చి ఆ బాధ్యత తీసుకున్నాడు.

వచ్చినవాళ్లు, ఇంట్లోనే ఉన్నవాళ్లు

పొలార్డ్ ఆడిన 10వ నంబర్ స్థానం జట్టుకు బుర్ర లాంటిది. బంతిని తన్నాలా, పంచాలా, పరిగెత్తాలా అన్న నిర్ణయం ఎక్కువగా అతనిదే. ఆ స్థానానికి క్రూసేడర్స్ నుంచి ఆస్ట్రేలియా ఆటగాడు జేమ్స్ ఓకానర్‌ను తెచ్చారు. అప్పటికి, వెళ్లిన పొలార్డ్‌కు 31 ఏళ్లు, వచ్చిన ఓకానర్‌కు 35. పైకి వింతగా ఉన్నా, 2025 ఆగస్టు 16న జొహానెస్‌బర్గ్‌లో ఆస్ట్రేలియా 38-22తో దక్షిణాఫ్రికాను ఓడించినప్పుడు 10వ నంబర్ జెర్సీ ఓకానర్‌దే. అంటే పనితనం తగ్గలేదు. కానీ ఇది రెండు మూడేళ్ల ముందుచూపుతో చేసిన ఏర్పాటు కాదు, ఇప్పటి అవసరం గడిపే ఏర్పాటు. పైగా దేశం తరఫున ఆడేవాడు ప్రీసీజన్‌లో క్లబ్ జట్టుతో కలిసి తయారయ్యే సమయం తగ్గిపోతుంది. బాత్ నుంచి వచ్చిన కుర్రవాడు ఓర్లాండో బెయిలీ కూడా అదే స్థానంలో ఆడగలడు. అతన్ని ఎంత త్వరగా సిద్ధం చేస్తారన్నదే అసలు పరీక్ష. హుకర్ స్థానానికి న్యూకాజిల్ నుంచి జేమీ బ్లామైర్ వచ్చాడు.

నాకు ఎక్కువ నచ్చింది మాత్రం కొనని చోట్లు. కోల్ ఆడిన 3వ నంబర్ స్థానానికి జో హేయ్స్, యంగ్స్ ఆడిన 9వ నంబర్ స్థానానికి జాక్ వాన్ పోర్ట్‌ఫ్లీట్ ముందే సిద్ధంగా ఉన్నారు. ఇద్దరూ లెస్టర్ అకాడమీలో ఎదిగినవాళ్లే. హేయ్స్ 2025 జులైలో అర్జెంటీనాలో ఇంగ్లండ్ తరఫున కూడా ఆడాడు. స్క్రమ్‌లో ఎనిమిదేసి మంది, దాదాపు 900 కిలోల బరువు, ఎదురెదురుగా తోసుకుంటారు. ఆ బలంలో చాలా భాగం ముందు వరుస ముగ్గురి మెడలు, భుజాల మీదుగానే పోతుంది. ఆ పని నేర్వనివాణ్ని అక్కడ నిలబెడితే ప్రాణానికే ప్రమాదం. అందుకే ముందు వరుసలోని మూడు స్థానాలకూ శిక్షణ పొందిన ప్రత్యామ్నాయ ఆటగాళ్లు బెంచీ మీద ఉండాలని నియమం. అలాంటివాళ్లను తయారు చేయడానికి ఏళ్లు పడుతుంది. ఆవకాయ లాగే, ఊరాల్సిన రోజులు ఊరాల్సిందే.

డబ్బు లెక్క

ఎందుకు అందరినీ కొనరు? ఇక్కడ ఒక్కో క్లబ్ జీతాలకు పరిమితి ఉంది, ఏడాదికి 64 లక్షల పౌండ్లు. నలభై మందికి సమానంగా పంచితే తలా 1,60,000. కానీ పెద్ద ఆటగాళ్ల వాటా తీశాక కుర్రాళ్లకు మిగిలేది చాలా తక్కువ. సొంత అకాడమీ ఆటగాళ్లను ఆడిస్తే పరిమితిలో కొంత సడలింపు దొరుకుతుంది. ఫ్రాన్స్ క్లబ్బుల పరిమితి కోటి యూరోలు దాటుతుంది. మొంతోయా లాంటివాళ్లు అటు వెళ్లడం ఆశ్చర్యం కాదు. ఇంగ్లండ్ ఆటగాళ్లు మాత్రం అంత తేలిగ్గా వెళ్లలేరు. విదేశీ క్లబ్‌కు ఆడేవాళ్లను సాధారణంగా జాతీయ జట్టుకు తీసుకోరు.

పరిమితి దాటితే ఏమవుతుందో సారసెన్స్ క్లబ్ చూపించింది. 2019లో యాభై లక్షల పౌండ్లకు పైగా జరిమానా, పాయింట్ల కోత పడ్డాయి. మరుసటి ఏడాది కింది డివిజన్‌కు పోయింది. పరిమితి ఉన్నా బతకలేనివాళ్లూ ఉన్నారు. 2022లో వూస్టర్, వాస్ప్స్, 2023 జూన్‌లో లండన్ ఐరిష్ కుప్పకూలాయి. వాస్ప్స్‌లో ఒక్కరోజే 167 మంది ఉద్యోగాలు పోయాయి. పదమూడు జట్ల లీగ్ పదికి తగ్గింది. 2024-25 సీజన్‌లో ఆఖరి స్థానంలో నిలిచిన న్యూకాజిల్‌ను 2025 ఆగస్టులో రెడ్ బుల్ కంపెనీ కొనడంతో కాస్త ఊపిరి వచ్చింది. అయినా లీగ్‌లో ఎక్కువ క్లబ్బులు నష్టాల్లోనే నడుస్తున్నాయి.

ఇందులో మనకేముంది?

విదేశాల నుంచి వచ్చే ఆటగాళ్లలో చాలామందికి క్లబ్బే స్పాన్సర్. మనలో చాలామందికి కంపెనీ ఎలాగో అలాగే. క్లబ్ మూతపడితే జీతమే కాదు, ఈ దేశంలో ఉండే హక్కు కూడా ప్రశ్నార్థకం అవుతుంది. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవాలన్న భయం మన ఇళ్లలో కొత్త కాదు. 2025 జులై 22న స్కిల్డ్ వర్కర్ వీసాకు కనీస జీతం 38,700 నుంచి 41,700 పౌండ్లకు పెరిగినప్పుడు ఎన్ని ఇళ్లలో లెక్కలు తిరగరాసుకున్నారో మీకు తెలుసు. ఆటగాడికైనా ఐటీ ఉద్యోగికైనా గట్టి సంస్థ, చేతిలో కొంత పొదుపు, రెండో నైపుణ్యం ఈ మూడే రక్ష.

ఇక పిల్లల సంగతి. అకాడమీలో అడుగుపెట్టిన ప్రతి కుర్రాడూ యంగ్స్ కాలేడు. పద్దెనిమిదేళ్లకు కాంట్రాక్టు రానివాళ్లే ఎక్కువ. అందుకని ఆడనివ్వకూడదని నేను అనను. మా ఇంట్లో పెట్టుకున్న నియమం ఒకటే: ఆట ఉన్నా జీసీఎస్‌ఈ చదువు ఆగదు. తల దెబ్బల విషయంలో మాత్రం బేరం లేదు. ఇక్కడి మార్గదర్శకాల ప్రకారం కన్‌కషన్ అనుమానం ఉంటే వెంటనే ఆట ఆపాలి. కనీసం 21 రోజులు పోటీ ఆటకు దూరంగా ఉండాలి. తిరిగి ఆడే ముందు, తల తగిలే ప్రమాదం ఉన్న సాధనకు ముందే, 14 రోజులు ఏ లక్షణమూ లేకుండా గడవాలి. "రేపు ఫైనల్ ఉందమ్మా" అని బతిమాలినా ఒప్పుకోకండి.

మన వైపూ కదలిక ఉంది. 2025 జూన్‌లో ముంబైలో జరిగిన మొదటి రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ జట్టు ఆడింది. జీఎంఆర్ సంస్థ నడిపిన ఏడుగురి ఆట అది. చిన్న మొదలే, కానీ మొదలు.

టైగర్స్ విషయానికొస్తే, సీజన్ మొదట్లో నా అంచనా ఇది. ముందు వరుసలో లోటు కనిపించదు. 10వ నంబర్ దగ్గరే శీతాకాలం నాటికి ఇబ్బంది రావచ్చు. పదకొండు సార్లు టైటిల్ గెలిచిన ఈ క్లబ్ ఇప్పుడు పేర్లు కొనడం కన్నా మనుషులను పెంచడం మీద ఎక్కువ ఆధారపడుతోంది. ఈ ఏడాది కప్పు రాకపోయినా, పదేళ్ల తర్వాత కూడా క్లబ్ నిలబడి ఉండాలంటే అదే సరైన దారి.